రాళ్ళు జరిపే సోమవారం

మార్కాపురం డివిజనల్ సమన్వయ కార్యాలయంలో ఏం పని జరుగుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు, అందులో పనిచేసేవాళ్ళకే సరిగ్గా తెలియదు. వేరే ఆఫీసుల నుంచి వచ్చిన కాగితం మీద 'సమన్వయించడమైనది' అని ముద్ర కొట్టి ఇంకో ఆఫీసుకి పంపడం దాని పని. ఆ ముద్ర లేకపోతే బోరుకి కరెంటు రాదు, ఇంటికి నంబరు పడదు. ముద్ర పడితే వెంటనే వస్తాయా అంటే, ఆ సంగతి రెండో ఆఫీసు చూసుకుంటుంది, మనకెందుకు.

ఆ ఆఫీసులో దూదేకుల మస్తాన్ వలి సీనియర్ అసిస్టెంటు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఒకరి జోలికి పోయింది లేదు, ఒకరి చేత మాటపడిందీ లేదు. పేకాట లేదు, సిగరెట్టు లేదు. ఉన్నదల్లా చేపల పిచ్చి. అదీ పులుసు పెట్టుకునే చేపలు కాదు, ఆఫ్రికా చేపలు. సిక్లిడ్లంటారు. ఎక్కడో మలావి సరస్సులో రాళ్ళ సందుల్లో బతికే జాతి. నీలం, పసుపు, నారింజ, ఒక్కొక్కటి రంగు డబ్బాలో ముంచి తీసినట్టుంటుంది. వాటికి సున్నమున్న గట్టినీళ్ళు కావాలి. హైదరాబాదులో పెంచేవాళ్ళు అందుకోసం పొడులు కొని నీళ్ళలో కలుపుకుంటారు. మార్కాపురంలో కుళాయి తిప్పితే చాలు. టీగిన్నె అడుగున తెల్లగా అట్టకట్టే ఆ బోరునీళ్ళని ఊరంతా తిట్టుకుంటుంటే, మెచ్చుకున్నవి మస్తాన్ వలి చేపలొక్కటే. ఇక రాళ్ళంటారా, పలకల ఊరికి రాళ్ళ కరువా. ఫ్యాక్టరీ వెనక పారేసిన పలకరాళ్ళు తెచ్చి, ముందుగదిలో ఐదడుగుల గాజుతొట్టిలో ఒకదాని మీదొకటి పేర్చి గుహలు కట్టాడు.

ఆ తొట్టిలో ఒక పసుపు చేప ఉంది. ఆ జాతి ఆడచేప గుడ్లు పెట్టి నోట్లోనే దాచుకుంటుంది. మూడు వారాలు తిండి మానేసి, నోరు బిగించి, పిల్లలు ఈదగలిగాక బయటికి వదులుతుంది. మధ్యలో బెదిరిందా, అన్నిటినీ మింగేస్తుంది. మొదటిసారి ఇంటికి సున్నం వేయిస్తూ తొట్టి జరిపితే మింగింది. రెండోసారి కరెంటు పోయి గాలిమోటారు ఆగితే మింగింది. మూడోసారి చుట్టాలొచ్చి ఫ్లాష్ కొట్టి ఫోటో తీస్తే మింగింది. మూడుసార్లూ మస్తాన్ వలి భార్య హుసేనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ చేప పిల్లల్ని కళ్ళచూడాలని ఆ ఇంట్లో ఇద్దరికీ ఉన్న కోరిక ఇంకే కోరికకీ తీసిపోదు.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఒక్క ఆదివారం మస్తాన్ వలి ఊరుకోలేకపోయాడు.

డివిజనల్ సమన్వయాధికారి త్రివిక్రమరావు గారు ఆ వారమే 'పాలనలో నవకల్పనలు' అనే ఐదురోజుల శిక్షణ ముగించుకొచ్చారు. శిక్షణలో ఇచ్చిన సంచీ ఉంది, సర్టిఫికెట్టు ఉంది, నవకల్పన ఒక్కటే తక్కువైంది. ఆయన జీపు సరిగ్గా మస్తాన్ వలి ఇంటిముందు వేడెక్కి ఆగింది. డ్రైవరు నీళ్ళు పోస్తుంటే ఆయన లోపలికొచ్చారు. మస్తాన్ వలి మోచేతిదాకా చెయ్యి తొట్టిలో ముంచి ఉన్నాడు.

"ఏమిటయ్యా ఈ ప్రక్రియ?"

"రాళ్ళు జరుపుతున్నా సార్. ఆ నీలం పోతుచేప ఒక గుహ పట్టుకుని, దగ్గరికొచ్చినదాన్నల్లా కరుస్తోంది. రాళ్ళన్నీ మార్చి పేరిస్తే ఎవరి చోటేదో మర్చిపోతాయి. నాలుగురోజులు గొడవుండదు."

"అనగా ఘర్షణకి మూలకారణం స్థిరనివాసం."

"అంత మాట నాకు తెలీదు సార్."

"మరి ఇంత ఇరుకులో ఇన్ని ఎందుకు పెట్టావు?"

"తక్కువుంటే ఒకదాన్నే పట్టుకుని చంపేస్తాయి సార్. ఎక్కువుంటే ఎవర్ని కొట్టాలో తెలీక, తలా ఒక దెబ్బేసి ఊరుకుంటాయి."

త్రివిక్రమరావు గారు సంచీలోంచి కొత్త నోటుపుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. హుసేనమ్మ ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది. ఆయన వెళ్ళాక ఆమె కప్పు తీస్తూ, "టీ మర్చిపోయి మరీ రాసుకున్నాడు. నోరు కట్టుకోకుండా అయ్యన్నీ ఎందుకు చెప్పినావయ్యా?" అంది.

"అడిగాడు, చెప్పా."

"అడిగితే మాత్రం. ఆఫీసరోళ్ళకి చెప్పాల్సిన మాటలా అయ్యి?"

మర్నాడు పదిన్నరకి నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలిసింది. 'యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, కార్యాలయమందు ఆసనాల విషయమై తరచు తలెత్తుచున్న వివాదాలకు శాస్త్రీయ పరిష్కారముగా, ప్రతి సోమవారము ఉదయము బల్లలు, కుర్చీలు, బీరువాలు స్థానభ్రంశము గావించబడును. ఏ ఉద్యోగికిని ఏ స్థానముపైనను వారమునకు మించి మమకారము ఉండరాదు.' కింద 'ఆధారం: ఆఫ్రికా' అని ఉంది.

ఆ ఆఫీసులో తిరిగే ఫ్యాను ఒక్కటే. దాని కింద సీటు కోసం పదకొండేళ్ళుగా తగాదా ఉంది. ఇద్దరు రిటైరయినా తగాదా రిటైర్ కాలేదు. మొదటి సోమవారం అటెండరు కోటిలింగం ముందుండి బల్లలన్నీ కలియదిప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. ఎవరి బల్ల ఎక్కడుందో, ఎవరి ఫైలు ఎవరి బల్లలో ఉందో వెతుక్కోవడంలో ఫ్యాను సంగతే మర్చిపోయారు. వారమంతా ఒక్క గొడవ లేదు. త్రివిక్రమరావు గారు దాన్ని శాతాల్లో లెక్కగట్టి పైకి పంపారు.

రెండో సోమవారం 'సాంద్రతా సూత్రము' అమలైంది. మూడు గదుల్లో ఉన్న ముప్ఫైఒక్కమందినీ ఒకే హాల్లోకి తెచ్చారు. మిగిలిన రెండు గదులకీ తాళాలేసి, మళ్ళీ ఎవరూ మమకారం పెంచుకోకుండా తాళంచెవులు దాచేశారు. కుర్చీ వెనక్కి లాగితే వెనకాయన మోకాలికి తగిలేది. తగిలినప్పుడల్లా ఒక మాట అనుకునేవారు. అది ఎవరితో మొదలైందో తెలిసేలోపు ఇంకొకరికి తగిలేది. తలసరి తగువు ఒకటికి లోపే ఉందని నివేదికలో రాశారు.

ఆ రోజే సూపరింటెండెంటు అలివేలమ్మ గారు రికార్డుల బీరువా నెడుతూ నడుం పట్టేసి నేలకి ఒరిగారు. ఆవిడ మెడికల్ లీవు దరఖాస్తుని కాగితం దొరక్క సర్క్యులర్ వెనకాలే రాశారు.

"అందర్నీ జరుపుతున్నారు, మీ గదిని జరపరా సార్?" అని కోటిలింగం ఒకసారి అడిగాడు పాపం, వినయంగానే.

"వ్యవస్థలో స్థిరబిందువు ఒకటి ఉండి తీరాలి" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన గదిలో ఏసీ ఉంది.

మూడో సోమవారం జరిగినదాన్ని ఆ ఆఫీసు చరిత్రలో సువర్ణాధ్యాయం అనాలి. దోర్నాల నుంచి గురవయ్య అనే రైతు బోరు కాగితం మీద ముద్ర కోసం ఐదు నెలలుగా తిరుగుతున్నాడు. ఆవేళ బల్లలు జరుపుతుంటే ఊరికే నిలబడలేక తనూ ఒక చెయ్యి వేశాడు. జరపడం అయిపోయేసరికి హాల్లో సందు లేక ఒక బల్ల వెనక ఇరుక్కుపోయాడు. అది ముద్రబల్ల. కాసేపు చూశాడు, ఎవరూ రాలేదు. తన కాగితం తీసి తనే ముద్ర కొట్టుకున్నాడు. పక్కనున్న ముసలామె, "నాయనా, నాది గూడా కొట్టవయ్యా" అంది. అలా సాయంత్రందాకా కొట్టాడు. మర్నాడు సద్దిమూట కట్టుకుని మరీ వచ్చాడు. ఆ వారం నాలుగువందల పన్నెండు కాగితాలు సమన్వయమయ్యాయి. అంతకుముందు రికార్డు నెలకి తొంభై.

త్రివిక్రమరావు గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఈ విజయమంతా చేపల నమూనాదే అని నిర్ధారించారు. గురవయ్యని నోట్‌ఫైల్లో 'ప్రవాహములో సహజముగా స్థిరపడిన అంశము' అని రాశారు.

ఆ వారమే బుధవారం నాడు పసుపు చేప నాలుగోసారి నోరు కట్టుకుంది. మస్తాన్ వలి ఇంట్లో మాటలన్నీ గుసగుసలయ్యాయి. హుసేనమ్మ మిక్సీ పెరట్లోకి మార్చింది, వాకిట్లో చీపురు కూడా మెల్లిగా ఊడుస్తోంది. "ఈసారి మింగిందంటే నేను మా అమ్మగారింటికి పోతా" అని మొగుడితో చెప్పింది. ఆమెకి అమ్మగారిల్లు లేదు, అయినా చెప్పింది.

తర్వాతి సోమవారం మస్తాన్ వలి చేతికి ఉత్తర్వు వచ్చింది. 'ప్రాంతీయ కమిషనర్ వారి తనిఖీని, అనంతర సందర్శకులను దృష్టియందుంచుకొని, సీనియర్ అసిస్టెంటు శ్రీ డి. మస్తాన్ వలి నివాసమందు గల మత్స్యతొట్టిని సజీవ నమూనాగా ప్రకటించడమైనది. సదరు తొట్టిని చేపలు, నీరు, రాళ్ళతో సహా వచ్చే సోమవారము లోగా కార్యాలయ మధ్యభాగమునకు తరలించవలెను.'

మస్తాన్ వలి తిన్నగా ఏసీ గదిలోకెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "సార్, ఒక ఆడచేప నోట్లో పిల్లలున్నాయి. కదిపితే మింగేస్తుంది. ఇంకో పదహారు రోజులు గడువిప్పించండి."

"మస్తాన్ వలీ, వ్యక్తి ప్రయోజనం కంటే వ్యవస్థా ప్రయోజనం మిన్న."

"అది వ్యక్తి కాదు సార్, చేప."

"మరీ మంచిది" అన్నారాయన.

గురువారం ప్రాంతీయ కమిషనర్ గారు తనిఖీకొచ్చారు. ఆవిడ గట్టి మనిషి. బల్లల మధ్య సందు లేక పక్కకి తిరిగి నడుచుకుంటూ హాలంతా చూశారు. గురవయ్య దగ్గర ఆగి, "మీరు ఏ కేడరు?" అని అడిగారు. "వేరుశనగ, మేడమ్" అన్నాడతను. త్రివిక్రమరావు గారు గబగబా ముందుకొచ్చి నమూనా గురించి ఇరవై నిమిషాలు ప్రసంగించారు.

"దీని మూల పరిశోధకుడెవరు?" అన్నారావిడ.

మస్తాన్ వలిని ముందుకి తోశారు. ఎన్నడూ పై అధికారి ముందు రెండు మాటలకి మించి మాట్లాడనివాడు. అతని కళ్ళ ముందు బిగించుకున్న ఆ పసుపు నోరు కనపడింది. తల వంచుకునే ఉన్నాడు, చెప్పవలసింది చెప్పాడు.

"మేడమ్, సార్ అంతా సరిగ్గానే చేశారు. ఒక్కటే తేడా. తొట్టిలో మేం ముందు పెద్దచేప రాయి తీస్తాం. అన్నీ జరిపి దాని రాయొక్కటి ఉంచితే, మిగతావన్నీ దాన్ని చూసి మళ్ళీ పాతచోట్లు గుర్తుపడతాయి. జరిపిన కష్టమంతా వృథా అయిపోతుంది."

త్రివిక్రమరావు గారు ఏదో అనబోయారు. కమిషనర్ గారు అప్పటికే పెన్ను మూత తీశారు.

శుక్రవారం సాయంత్రానికి ప్రాంతంలోని ఆరుగురు డివిజనల్ అధికారులకీ స్థానభ్రంశం ఉత్తర్వులు వచ్చాయి. ప్రతి వారం, మమకారం పెరగకుండా. త్రివిక్రమరావు గారు శిక్షణ సంచీ భుజాన వేసుకుని కనిగిరి బస్సెక్కారు. కనిగిరి నుంచి మార్కాపురం రావలసినాయన దారిలో ఉండగానే రెండోవారం ఉత్తర్వు అంది, పొదిలిలో దిగిపోయారు. అక్కణ్ణుంచి రావలసినాయనా అంతే. ఆ ఆరుగురూ ఇప్పటికీ బస్సుల్లోనే ఉద్యోగం చేస్తున్నారని చెప్పుకుంటారు.

అధికారి లేడు. సూపరింటెండెంటు మంచం మీద ఉంది. సీనియారిటీ ప్రకారం సోమవారం పొద్దున మస్తాన్ వలి ఇన్‌ఛార్జి అయ్యాడు. పసుపు చేపకి అది పన్నెండో రోజు.

ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు హుసేనమ్మ నవ్వింది. "ఇంక నీ చేతిలోదే గదయ్యా. ఆ తొట్టి కాగితం చింపేసి రా."

చింపుదామనే వెళ్ళాడు. కుర్చీలో కూచుని, ఎందుకైనా మంచిదని అలివేలమ్మ గారికి ఫోన్ చేశాడు.

"ఇన్‌ఛార్జికి విధాన నిర్ణయాలు మార్చే అధికారం లేదయ్యా మస్తానూ" అంది ఆవిడ, నడుం మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని మూలుగుతూ. "అమలు చేసే అధికారం ఉంది. రద్దు చేసేది లేదు."

"గడువివ్వొచ్చా అమ్మా?"

"ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే పరిశీలించొచ్చు."

ఊపిరి పీల్చుకుని మస్తాన్ వలి లేచి, బల్లకి ఇవతలి పక్క నిలబడి దరఖాస్తు రాశాడు. 'తొట్టిలోని ఆడచేప నోటియందు పిల్లలు గలవు గనుక తొమ్మిది రోజుల గడువు ప్రార్థన.' సంతకం పెట్టి ట్రేలో వేశాడు. చుట్టూ తిరిగి వెళ్ళి కుర్చీలో కూచున్నాడు. ట్రేలోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు.

చదువుతుంటే అతని మొహం మారింది. పశువైద్యుడి ధ్రువపత్రం జతపరచలేదు. పిల్లల సంఖ్య పేర్కొనలేదు. ఏ నిబంధన కింద అడుగుతున్నాడో రాయలేదు. ఇరవయ్యారేళ్ళుగా ఇలాంటి దరఖాస్తులు ఎన్ని చూశాడు. చెయ్యి దానంతటదే ఆకుపచ్చ పెన్ను అందుకుంది. 'వివరణ సంతృప్తికరముగా లేదు. తిరస్కరించడమైనది. ఉత్తర్వు నేడే అమలుపరచవలెను.' అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కింద సంతకం పెట్టి, వెనక్కి వాలి, ఒకసారి తృప్తిగా చూసుకున్నాడు కూడా.

ఆ తర్వాత అర్థమైంది. అప్పటికే కోటిలింగం కాగితం తీసుకుపోయి డిస్పాచ్ నంబరు వేయించాడు. నంబరు పడ్డ కాగితాన్ని వెనక్కి తీసుకోవడం భూమ్మీద ఎవరి వల్లా కాదు. తల పట్టుకున్నాడు. తన చేత్తో తనే ఎంత పని చేసుకున్నాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం ఐదున్నరకి తోపుడుబండి, నలుగురు కూలీలు, కోటిలింగం, వాళ్ళ వెనకాల ఇన్‌ఛార్జి అధికారి మస్తాన్ వలి ఇంటిముందు ఆగారు. హుసేనమ్మ గడపలో నిలబడింది. కోటిలింగం కాగితం ఇస్తే పైనుంచి కిందిదాకా చదివింది, సంతకం దగ్గర కాసేపు ఆగింది. తలెత్తి మొగుడివైపు చూసింది.

"ఈ సంతకం పెట్టిన సార్ మీరేనా?"

"హుసేనూ, ఇన్‌ఛార్జికి రద్దు చేసే అధికారం లేదే. నేనేం చేసేది?"

"మా ఆయన ఆఫీసు నించి ఇంకా రాలేదు సార్. ఆయన లేకుండా ఎవుర్నీ లోపలికి రానీను. వచ్చినాక రండి."

తలుపు మూసింది. గట్టిగా కాదు, లోపల చేప బెదురుతుందని మెల్లిగా.

"ఏం చేద్దాం సార్?" అన్నాడు కోటిలింగం.

మస్తాన్ వలి మూసిన తలుపుని చూశాడు. అతని మొహంలోకి మెల్లిగా రక్తం వచ్చింది. ఏ నిబంధనా దాటలేని గోడ ఒకటుంది, అది తనకి తెలుసు. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీసి, కాగితం వెనక, కోటిలింగం వీపు మీద ఆనించి రాశాడు. 'గృహస్థుడు ఇంట లేడు. స్వాధీనము సాధ్యపడలేదు. రేపు పునఃప్రయత్నము చేయవలెను.' కోటిలింగం సాక్షి సంతకం పెట్టాడు. బండి వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా ఆగి, మస్తాన్ వలి తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనే."

"ఆఫీసు అయిపోయిందా?"

"అయిపోయింది."

తలుపు తెరుచుకుంది. "ఇంత పొద్దుపోయిందేందయ్యా. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా" అంది హుసేనమ్మ. తొట్టి ముందు ఇద్దరూ ఊపిరి బిగపట్టి కూచున్నారు. పసుపు చేప రాతి వెనక దవడ ఉబ్బించుకుని అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం బండి మళ్ళీ వచ్చింది. గృహస్థుడు మళ్ళీ ఇంట్లో లేడు. ఆదివారం మినహా రోజూ అంతే. ఆ ఇన్‌ఛార్జి ఎంత పట్టుదల గలవాడో, ఆ గృహస్థుడు ఎంత తిరుగుబోతో అని కూలీలు వీధిలో చెప్పుకునేవారు. ఫైలు మందమైంది. గృహస్థుడి అలవాట్లపై నివేదిక పంపమని కమిషనర్ ఆఫీసు నుంచి లేఖ కూడా వచ్చింది. అతని నడవడి అనుమానాస్పదమని మస్తాన్ వలి నిజాయితీగానే రాసి పంపాడు.

రెండోవారం బుధవారం. ఇరవయ్యొకటో రోజు. బండి సందు మొదట్లో ఉండగానే తలుపు భళ్ళున తెరుచుకుంది. హుసేనమ్మ చేతికి పిండి ఉంది, కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"కోటిలింగం, ఆఫీసరు గారు నాకొద్దు. మా ఆయన్ని పిలువు, బిరాన రమ్మను. నోరు తెరిచింది."

మస్తాన్ వలి చేతిలో ఫైలు కోటిలింగం చేతికొచ్చింది. చెప్పులు గడప బయట ఒకటి, లోపల ఒకటి పడ్డాయి. లోపల్నుంచి, "ఇరవైమూడు... కాదు, ఇరవైనాలుగు" అని హుసేనమ్మ గొంతు, "మెల్లిగా, మెల్లిగా" అని అతని గొంతు వినపడ్డాయి.

కూలీలు బండి మీద కూచుని బీడీలు ముట్టించారు. కోటిలింగం చాలాసేపు చూశాడు. ఎవరూ బయటికి రాలేదు. ఆఖరికి తనే ఫైలు తెరిచి, ఆవేళ్టి తేదీ వేసి, తనకొచ్చిన రాతలో రాశాడు.

'గృహస్థుడు ఇంట ఉన్నాడు. అధికారి అందుబాటులో లేరు.'